డ్రెస్డెన్: అమ్మానాన్నలు రాకముందు ఒంటరిగా దొరికిన సోమవారం ఏం చూడాలి, వారి కోసం ఏం మిగల్చాలి?

పల్నాటిబాట (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మే నెల మూడో వారంలో అమ్మ, నాన్నగారు లండన్‌లోని మా అక్క ఇంటి నుంచి, అక్కాబావలతోనూ వారి ఇద్దరు పిల్లలతోనూ కలిసి జర్మనీ వస్తున్నారు. వారు మంగళవారం ఉదయం బెర్లిన్ విమానాశ్రయంలో దిగి, అక్కడే డ్రెస్డెన్‌కు నేరుగా వెళ్లే రైలు ఎక్కుతారు. బుధవారమంతా ఊళ్లో ఉండి గురువారం ఉదయం అందరం ప్రాగ్‌కు బయలుదేరుతాం. నేను ఆదివారం రాత్రికే డ్రెస్డెన్ చేరుకుంటాను కనుక సోమవారం పొద్దుటి నుంచి రాత్రి దాకా నాదే.

నాన్నగారు సత్తెనపల్లిలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. డ్రెస్డెన్ పేరు ఎత్తగానే ఆయన అడిగినది అక్కడి ఆకుపచ్చ వజ్రం గురించే. అది కొల్లూరు గనిలో దొరికిందని ఆయన తన విద్యార్థులకు చెప్పేవారట. నా సందేహం ఇది. సోమవారం నేనొక్కడినే వెళ్లి ఆ ఖజానా చూసి, దారులూ టిక్కెట్లూ తెలుసుకుని, బుధవారం వారిని తడబాటు లేకుండా తీసుకువెళ్లడం మంచిదా, లేక దానిని పూర్తిగా వారి కోసం అట్టిపెట్టి నా రోజును వేరే వాటికి వినియోగించుకోవడం మంచిదా? అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, పైగా ఆమె గుడ్డు కూడా ముట్టని శాకాహారి. పిల్లల్లో పెద్దవాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి ఐదేళ్లు.

ఎల్బాగట్టు (డ్రెస్డెన్ నివాసి)

పల్నాటిబాట గారూ, ముందుగా సెలవు రోజులు సరిచూసుకోండి. ఈ ఊరు వచ్చేవారి ప్రణాళికలు తలకిందులయ్యేది అక్కడే. రాజప్రాసాదానికి, అందులో ఉన్న గ్రీన్ వాల్ట్ అనే ఖజానాకు మంగళవారం సెలవు. ట్స్వింగర్ అనే పాత రాజమందిరాల ఆవరణలోని ప్రాచీన చిత్రకారుల గ్యాలరీకి, పింగాణీ సంగ్రహాలయానికి, పాత గడియారాలూ ఖగోళ పరికరాలూ ఉన్న మందిరానికి సోమవారం సెలవు. నగరం ఉత్తరాన ఉన్న సైనిక చరిత్ర మ్యూజియానికి బుధవారం సెలవు. అంటే మీ సోమవారం నాడు రఫేల్ గీసిన సిస్టీన్ మడొన్నాను మీరు ఎలాగూ చూడలేరు, మీవారు దిగే మంగళవారం నాడు ఖజానాను ఎవరూ చూడలేరు. కుటుంబమంతా కలిసి ఈ రెండింటినీ చూడగలిగేది బుధవారం ఒక్కనాడే.

ఖజానాలో రెండు భాగాలున్నాయి. కింది అంతస్తులోని చారిత్రక భాగంలో వస్తువులు అద్దాల గోడల ముందు, పీఠాల మీద, బలిష్ఠుడైన ఆగస్టస్ రాజు అమర్చిన పద్ధతిలో ఉంటాయి. దీనికి ప్రవేశ సమయం ముద్రించిన టిక్కెట్ కావాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు. 2019 నవంబరు 25 తెల్లవారుజామున దొంగలు పడినది ఈ భాగంలోనే. పోయిన నగల్లో అధిక భాగం 2022 డిసెంబరులో దొరికాయి, 2024 ఆగస్టు నుంచి మళ్లీ ప్రదర్శనలో ఉన్నాయి. మీ నాన్నగారు చూడదలచిన ఆకుపచ్చ వజ్రం పై అంతస్తులోని నూతన భాగంలో ఉంటుంది. చోరీ జరిగిన రోజున అది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లి ఉంది.

దారి తెలుసుకోవడానికి లోపలికి వెళ్లనవసరం లేదు. టిక్కెట్ల గది, సామాన్లు పెట్టుకునే అరలు, లిఫ్టు ఎక్కడున్నాయో ప్రాసాదపు లోపలి ప్రాంగణంలో నిలబడితే తెలిసిపోతుంది. బుధవారం ఉదయపు టిక్కెట్లు ఇప్పుడే ఇంటర్నెట్‌లో కొనేసి, సోమవారం నాడు ఆ మెట్ల దరిదాపులకు వెళ్లకండి.

తెనాలితెమ్మెర

నేను ఎల్బాగట్టు గారితో ఏకీభవించలేకపోతున్నాను. పెద్దవాళ్లతోనూ పిల్లలతోనూ మ్యూజియానికి వెళ్లినప్పుడు మన కళ్లు వస్తువుల మీద ఉండవు. అత్తగారికి కూర్చునే బల్ల ఎక్కడుంది, పిల్లవాడు అద్దానికి ముఖం ఆనించాడా, కోట్లు ఎవరు పట్టుకున్నారు అనే ధ్యాసలోనే గంట గడిచిపోతుంది. వియన్నాలో మా అత్తమామలతో రాజఖజానా చూశానని నేను చెప్పుకుంటాను గానీ, నిజానికి అక్కడి నేల, బల్లలు, మరుగుదొడ్ల దారి తప్ప నాకేమీ జ్ఞాపకం లేదు. తీరిగ్గా చూడదగిన దాన్ని ముందు ఒంటరిగా చూడాలి, ఆ తరువాత వారితో కలిసి వెళ్లినప్పుడు వారిని చూడాలి. రెండో టిక్కెట్టుకు అయ్యే ఖర్చు దండగ కాదు.

చరిత్రపుట (చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు)

తెనాలితెమ్మెర గారు చెప్పినది సాధారణంగా నిజమే. అయితే ఇక్కడ ఆ కుటుంబ పెద్ద ఎవరో, చూడబోయేది ఏమిటో కూడా ఆలోచించాలి.

ఆ వజ్రం 41 క్యారెట్లది. స్వాభావికమైన రేడియోధార్మికత సోకడం వల్ల దానికి ఆ లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. సాక్సనీ పాలకుడు రెండో ఫ్రెడరిక్ ఆగస్టస్, అంటే పోలండ్ రాజుగా మూడో ఆగస్టస్, దానిని 1742లో కొన్నాడు. 1768లో దానిని టోపీకి పెట్టుకునే ఆభరణంలో పొదిగారు, నేటికీ అది ఆ రూపంలోనే ఉంది. యుద్ధానంతరం సోవియట్ సైన్యం మాస్కోకు తరలించగా 1958లో తిరిగి వచ్చింది. అది భారతదేశం నుంచి, బహుశా కొల్లూరు గనుల నుంచి వచ్చిందని చరిత్రకారుల అభిప్రాయం. 17వ శతాబ్దంలో కొల్లూరును చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ సుమారు 60,000 మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు పనిచేస్తున్నారని రాశాడు. ఆ నేలలో చాలా భాగం ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది.

అదే అంతస్తులో వజ్రం కంటే ఎక్కువసేపు నిలబెట్టే వస్తువు మరొకటి ఉంది. ఆస్థాన స్వర్ణకారుడు యోహాన్ మెల్షియోర్ డింగ్లింగర్ 1701 నుంచి 1708 వరకు తన సోదరులతో కలిసి ఔరంగజేబు పుట్టినరోజు దర్బారును బంగారంతో, వెండితో, మీనాపనితో తయారుచేశాడు. నూటముప్ఫైకి పైగా చిన్న బొమ్మలు, సుమారు 5,000 వజ్రాలు, వాటితోపాటు కెంపులు, పచ్చలు అందులో ఉన్నాయి. మూడో ఆగస్టస్ తండ్రి, బలిష్ఠుడైన ఆగస్టస్, దానికి 58,485 తాలర్లు (నాటి వెండి నాణేలు) చెల్లించాడు. డింగ్లింగర్ ఏనాడూ భారతదేశంలో అడుగుపెట్టలేదు. టావెర్నియే, బెర్నియే వంటి యాత్రికుల రాతలు ఆధారంగా, మధ్యలో కొంత చైనాను కూడా కలిపి, ఒక దర్బారును ఊహించుకున్నాడు. గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది. ఆ తరువాత ఇరవయ్యేళ్లకే, తెలుగు నేల గనులను జయించిన చక్రవర్తి బొమ్మ ఎక్కడో ఎల్బా నది ఒడ్డున వజ్రాల మధ్య కూర్చుంది.

దీన్ని జీవితమంతా పాఠంగా చెప్పిన మనిషి మీ వెంట వస్తున్నారు. మీరు ముందే చూసి వస్తే మీరు మార్గదర్శకులవుతారు, ఆయన శ్రోత అవుతారు. చూడకుండా వెళితే ఆయనే చెబుతారు, మీరు వింటారు. అందువల్ల ఈ ఒక్కదాని విషయంలో ఎల్బాగట్టు గారి మాటే సరైనదని నా అభిప్రాయం.

రాతిపని (వారసత్వ కట్టడాల ఇంజనీరు, హైదరాబాద్)

సోమవారానికి నేను ఫ్రాయెన్‌కిర్షె చర్చిని సూచిస్తాను, అదీ తొందర లేకుండా. గియోర్గ్ బేర్ రూపకల్పనలో 1726లో పని మొదలై 1743లో పూర్తయిన ఆ రాతి గుమ్మటం 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబుదాడిని తట్టుకుంది. లోపల రగిలిన మంటల వేడికి స్తంభాలు బీటలు వారి, 15వ తేదీ ఉదయం కూలిపోయింది. తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలంలో ఆ రాళ్ల కుప్ప అలాగే ఉండిపోయింది. 1990ల్లో ఒక్కొక్క రాయికి నంబరు వేసి, కంప్యూటర్‌లో దాని పూర్వస్థానాన్ని లెక్కగట్టి, 2005 అక్టోబరు 30 నాటికి తిరిగి నిలబెట్టారు. సుమారు 180 మిలియన్ యూరోల వ్యయంలో సగానికి పైగా విరాళాలే. 1999లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన గుంటర్ బ్లోబెల్ చిన్నతనంలో ఈ నగరాన్ని దహనానికి ముందు చూసినవాడు. ఆయన తన బహుమతి సొమ్మును దాదాపు అంతా ఈ చర్చికి, కొత్త యూదు ప్రార్థనా మందిరానికి ఇచ్చేశాడు.

గోడల మీద నల్లని రాళ్లు చూసి అవి మంటల్లో మాడిపోయాయని చాలామంది అనుకుంటారు. కారణం అంత సూటిగా లేదు. ఎల్బా లోయలో దొరికే ఆ ఇసుకరాయిలో ఇనుము ఉంటుంది, గాలి తగిలిన కొద్దీ అది నల్లబడుతుంది. పాత రాళ్లు రెండు శతాబ్దాలకు పైగా నల్లబడ్డాయి, కొత్త రాళ్లు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాయి. కొన్ని తరాల తరువాత రెండింటికీ తేడా కనిపించకపోవచ్చు. మన దేశంలో శిథిల దేవాలయాలను తిరిగి నిర్మించేటప్పుడు పాత రాయిని కొత్తదానిలా తోమేసే అలవాటు ఉన్నవారు ఈ గోడ ముందు అరగంట నిలబడితే బాగుంటుందని నాకు తరచూ అనిపిస్తుంది.

గుమ్మటం పైన 67 మీటర్ల ఎత్తులో చుట్టూ చూడగలిగే వేదిక ఉంది. కొంత ఎత్తు వరకు లిఫ్టు ఉన్నా, ఆ తరువాత గుమ్మటం లోపలి పొరకూ బయటి పొరకూ నడుమ చుట్టుకుంటూ పోయే వాలుదారి, చివర నిటారు మెట్లు ఉంటాయి. మీ అమ్మగారు ఎక్కలేరు. కనుక అది మీ సోమవారపు పని.

విశాఖసుభద్ర

నాయనా పల్నాటిబాటా, మా వారికీ నాకూ అరవై దాటాక ఆ ఊరు వెళ్లి వచ్చాం కనుక మీ అమ్మగారి తరఫున మాట్లాడుతున్నాను. పాత నగరమంతా గుండ్రాళ్లు పరిచిన దారులే, చక్రాల పెట్టెలు లాగడమూ కష్టమే, మోకాళ్లకూ కష్టమే. రైల్వే స్టేషన్ నుంచి హోటల్‌కు ట్రామ్ ఏ స్టాపులో ఎక్కాలో, ఏ స్టాపులో దిగితే గుండ్రాళ్ల దారి తక్కువగా ఉంటుందో సోమవారం నాడు ఒకసారి నడిచి చూసుకో. నువ్వు ముందుగా వెళ్లడం వల్ల ఆమెకు నిజంగా కలిగే మేలు అదే.

తిండి విషయంలో జాగ్రత్త. జర్మనీలో శాకాహారం అని రాసినదానిలో గుడ్డు ఉండవచ్చు, గుడ్డు వద్దనుకుంటే వీగన్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. అక్కడి పేరుపొందిన ఐయర్‌షెకె అనే మిఠాయిలో పై పొర అంతా గుడ్డే. బంగాళాదుంప సూప్ అని సంబరపడితే అడుగున సాసేజ్ ముక్కలు తేలుతాయి. నది అవతలి నోయ్‌స్టాట్ పేటలో విద్యార్థులు ఎక్కువగా ఉంటారు కనుక భారతీయ హోటళ్లు, వీగన్ హోటళ్లు దొరుకుతాయి. సోమవారం రాత్రి నువ్వు భోజనం చేసే చోటనే మంగళవారం రాత్రికి బల్ల చెప్పి ఉంచు. మరుగుదొడ్లకు చిల్లర నాణేలు కూడా సిద్ధం చేసుకో.

పల్నాటిబాట

అందరికీ కృతజ్ఞతలు. సుభద్ర గారూ, మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను. చరిత్రపుట గారి మాట విన్నాక ఖజానాను సోమవారం చూడకూడదని నిర్ణయించుకున్నాను. బుధవారం పది గంటలకు చారిత్రక భాగానికి టిక్కెట్లు కొన్నాను, దాని తరువాత పై అంతస్తుకు వెళతాం.

ఇక రెండు ప్రశ్నలు. సోమవారం తెరిచి ఉండే సైనిక చరిత్ర మ్యూజియం చూడదగినదేనా? యుద్ధ విమానాలూ ఫిరంగులూ వరుసగా పెట్టిన ప్రదర్శన అయితే నాకు ఆసక్తి లేదు. రెండవది, ఊరి రాళ్లకు దూరంగా కొంత పచ్చదనం మధ్య ఒంటరిగా నడవాలంటే ఎటు వెళ్లాలి?

చరిత్రపుట

సైనిక మ్యూజియం విషయంలో సందేహించకండి. 19వ శతాబ్దపు ఆయుధాగారాన్ని చీల్చుకుంటూ డేనియల్ లిబెస్కిండ్ నిర్మించిన ఉక్కు, గాజు ముక్కోణం 2011లో తెరుచుకుంది. దాని మొన, 1945లో నగరంపై బాంబులు పడడం మొదలైన దిక్కును చూపుతుంది. పై అంతస్తులో డ్రెస్డెన్ శకలాల పక్కనే, అంతకుముందు జర్మన్ విమానాలు ధ్వంసం చేసిన పోలండ్‌లోని వియెలున్, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌ల జ్ఞాపకాలు ఉంచారు. ఆ క్రమం చాలా ఆలోచించి పెట్టినది. పిల్లలను తీసుకువెళ్లే చోటు మాత్రం కాదు.

దీనితోపాటు మరో రెండు చోట్లు చూడండి. ఒకటి ఆల్ట్‌మార్క్ట్ కూడలి. దాడి తరువాత 6,865 మృతదేహాలను అక్కడే దహనం చేశారు, నేల మీద ఒక శాసనం తప్ప గుర్తు ఏమీ కనిపించదు. మృతుల సంఖ్యను నాజీ ప్రచారయంత్రం రెండు లక్షలని చాటింది, ఆ అంకె దశాబ్దాల పాటు పుస్తకాల్లో తిరిగింది. నగరపాలక సంస్థ నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో గరిష్ఠంగా 25,000 అని తేల్చింది.

రెండవది నది ఒడ్డునే ఉన్న కొత్త సినగాగ్, అంటే యూదు ప్రార్థనా మందిరం. గాట్‌ఫ్రీడ్ సెంపర్ 1840లో కట్టిన పాత మందిరాన్ని 1938 నవంబరు 9 రాత్రి తగలబెట్టారు. మంటలు ఆర్పడానికి వచ్చి, నాజీలు ఆర్పనివ్వకపోవడంతో నిలబడిపోయిన అగ్నిమాపక ఉద్యోగి ఆల్‌ఫ్రెడ్ నాయ్‌గెబావర్, పైనున్న దావీదు నక్షత్రాన్ని తీసి రహస్యంగా దాచాడు. 2001లో కట్టిన కొత్త మందిరం ద్వారం మీద ఉన్నది అదే. ఈ మందిరం గోడలు ఒక్కో వరుసా కొద్దికొద్దిగా తూర్పుకు మెలితిరుగుతూ లేస్తాయి. 1945 ఫిబ్రవరి 13 పగలు, నగరంలో మిగిలిన కొద్దిమంది యూదులకు నిర్బంధ శిబిరానికి తరలింపు ఉత్తర్వులు అందించే పని భాషాశాస్త్రవేత్త విక్టర్ క్లెంపరర్‌కు అప్పగించారు. ఆ రాత్రి బాంబులు పడ్డాయి. ఆ గందరగోళంలో, యూదులు విధిగా ధరించవలసిన బట్టల మీది పసుపు నక్షత్రాన్ని తొలగించుకుని ఆయన, ఆయన భార్య ప్రాణాలతో బయటపడ్డారు. డ్రెస్డెన్ దహనం గురించి ఒకే వాక్యంలో తీర్పు చెప్పేవారికి నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఎల్బాగట్టు

పచ్చదనానికి లాష్విట్స్ వెళ్లండి. మ్యూజియం దగ్గర స్టాఫెన్‌బర్గ్ ఆలే స్టాపులో 8వ నంబరు ట్రామ్ ఎక్కి ఆల్బర్ట్‌ప్లాట్స్‌లో దిగి, 6వ నంబరు ట్రామ్ పట్టుకుంటే షిల్లర్‌ప్లాట్స్ చేరుతారు. అక్కడ 1893 నాటి ఉక్కు వంతెన ఉంది, ఊరివారు దానిని నీలి అద్భుతం అంటారు. 1945 మే నెలలో సైన్యం పేల్చివేయబోగా, పౌరులే ముందుకు వచ్చి అడ్డుకున్నందువల్ల అది మిగిలింది. వంతెన దాటితే కొండ పైకి రెండు బండ్లున్నాయి. ఒకటి 1895 నుంచి తీగలతో లాగే రైలు, రెండవది 1901 నుంచి నడుస్తున్న వేలాడే రైలు. రెండవదానిలో పైకి వెళ్లి, ద్రాక్షతోటల పక్కనుంచి నడిచి దిగండి. దిగే దారిలో మెట్లు చాలా ఉంటాయి కనుక కుటుంబంతో అది కుదరదు.

ఈ లోయకు 2004లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. కింద వాల్డ్‌ష్లోష్షెన్ వంతెన కట్టినందుకు 2009లో యునెస్కో ఆ హోదాను తొలగించింది. ఊళ్లో ఆ వాదన ఇంకా చల్లారలేదు. వంతెన లేకపోతే ట్రాఫిక్‌లో చిక్కుకునేవాళ్లలో నేనూ ఒకడిని కనుక నా అభిప్రాయం చెప్పకుండా వదిలేస్తున్నాను. మరో సంగతి, పాత గైడ్ పుస్తకాల్లో ఉన్న కరోలా వంతెన ఇప్పుడు లేదు. 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున అందులో ఒక భాగం నదిలో కూలిపోయింది, మిగతాది తరువాత పడగొట్టారు. ట్రామ్ దారులు మారాయి, ఆ రోజు పటం చూసుకుని బయలుదేరండి.

సాయంత్రం ఆగస్టస్ వంతెన మీదుగా కుడి ఒడ్డుకు నడవండి. 1748లో బెర్నార్డో బెలొట్టో నగరాన్ని చిత్రించిన చోటు అక్కడే. ఆ చిత్రంలో ఆస్థాన చర్చి గోపురం ఇంకా కట్టుబడిలోనే, పరంజీలతో కనబడుతుంది. మేలో తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, కనుక కంగారు లేదు.

పల్నాటిబాట (సోమవారం రాత్రి)

ఇప్పుడే గదికి చేరాను. జరిగినది జరిగినట్లు రాస్తాను, తరువాత వచ్చేవారికి పనికిరావచ్చు.

ఉదయం ఎనిమిదికి స్టేషన్ నుంచి హోటల్ దాకా, హోటల్ నుంచి ప్రాసాదం దాకా సుభద్ర గారు చెప్పినట్లు నడిచి చూశాను. పోస్ట్‌ప్లాట్స్‌లో దిగి ట్స్వింగర్ పక్క నుంచి వెళితే చదును రాళ్ల దారి ఎక్కువ. ఆ గంటలో యాత్రికుల గుంపులు లేవు. ప్రాసాదపు వెనుక వీధిలో రాజుల ఊరేగింపు గోడ పొడవునా నేనొక్కడినే నడిచాను. 102 మీటర్ల ఆ గోడ మీద సుమారు 23,000 మైసెన్ పింగాణీ పలకలతో, సాక్సనీని ఏలిన వెట్టిన్ వంశపు 35 మంది పాలకులు గుర్రాల మీద సాగిపోతుంటారు. 1945 మంటల్లో చుట్టూ వీధి కాలిపోయినా, కొలిమిలో అంతకు మించిన వేడిని చూసి వచ్చిన ఆ పలకలు దాదాపు చెక్కుచెదరలేదు.

ఫ్రాయెన్‌కిర్షెలో మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్గన్ వాద్యంతో చిన్న ప్రార్థన జరుగుతుంది, ప్రవేశం ఉచితం. శిథిలాల్లో దొరికిన పాత శిలువ వంకర్లు తిరిగి లోపల ఒక మూల నిలబడి ఉంది. పైన ఇప్పుడున్న శిలువను తయారుచేసిన లండన్ స్వర్ణకారుడి తండ్రి, ఈ నగరంపై బాంబులు వేసిన విమానదళంలో పైలట్. గుమ్మటం ఎక్కాను. వాలుదారిలో రెండు రాతి పొరల మధ్య నడుస్తుంటే కట్టడం బరువు చెవులకు తెలుస్తుంది. రాతిపని గారూ, నల్లరాళ్ల సంగతి మీరు చెప్పకపోతే నేను కూడా మసి అనుకునేవాడిని.

సైనిక మ్యూజియంలో అనుకున్నదాని కంటే చాలా ఎక్కువసేపు ఉండిపోయాను. మధ్యలో బెంచీ మీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడనవసరం లేకుండా, చదివినదే మళ్లీ చదివాను. కుటుంబంతో ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదని అప్పుడు అర్థమైంది. తెనాలితెమ్మెర గారి వాదనలో బలం ఉంది. అయితే ఆమె చెప్పిన ఏకాంతం ఖజానాకు కాక ఇలాంటి చోటుకే ఎక్కువ అవసరమని నాకు తోచింది. దాంతో లాష్విట్స్‌లో కొండ పైన గడపదలచిన సమయం తగ్గింది. వేలాడే రైలులో వెళ్లి, నడిచి దిగి, వెంటనే తిరిగి వచ్చాను.

ఆస్థాన చర్చిలో ఒక విశేషం గమనించాను. పోలండ్ సింహాసనం కోసం బలిష్ఠుడైన ఆగస్టస్ 1697లో క్యాథలిక్ మతం స్వీకరించాడు గానీ ప్రజలు ప్రొటెస్టెంట్లు. వీధుల్లో క్యాథలిక్ ఊరేగింపులు కుదరవు కనుక చర్చి లోపలే, ప్రధాన మందిరం చుట్టూ ఊరేగింపు దారి కట్టుకున్నారు. ఆయన దేహం క్రాకోలో ఉంది, గుండె మాత్రం ఇక్కడి నేలమాళిగలో ఉంది.

రాత్రి భోజనం నోయ్‌స్టాట్‌లో, రేపటికి ఆరుగురు పెద్దవాళ్లూ పిల్లలూ పట్టే బల్ల చెప్పి వచ్చాను. ఆరు అంటే పిల్లలను కలిపి కాదు అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే మా అక్క స్నేహితురాలు కూడా లండన్ నుంచి వస్తోందని సాయంత్రమే ఫోన్‌లో తెలిసింది.

విశాఖసుభద్ర

మంచి పని చేశావు నాయనా. రేపు మంగళవారం రైలు దిగగానే ఎక్కడికీ తిప్పకు. గదిలో కాళ్లు చాపుకోనివ్వు. సాయంత్రం బ్రూల్ టెర్రస్ మీదకు తీసుకువెళితే చాలు. నది పక్కన ఎత్తుగా, బల్లలతో ఉంటుంది. పిల్లలు అలసిపోకపోతే గ్రోసర్ గార్టెన్ తోటలో చిన్న రైలు ఉంది. 1950 నుంచి నడుస్తున్న ఆ రైలులో టిక్కెట్లు ఇచ్చేదీ జెండా ఊపేదీ బడి పిల్లలే. మా మనవడు మ్యూజియాలన్నీ మరిచిపోయాడు గానీ దానిని మరవలేదు.

పల్నాటిబాట (బుధవారం రాత్రి)

ఖజానా చూసి వచ్చాం. కింది భాగంలో నాన్నగారు పెద్దగా ఆగలేదు. పైన ఔరంగజేబు దర్బారు ముందుకు వచ్చేసరికి మాత్రం మనవడిని పక్కన నిలబెట్టుకుని పాఠం మొదలుపెట్టారు. ఏనుగుల అలంకారం ఎక్కడ తప్పో, ఏ బొమ్మ తలపాగా మొగలాయీలది కాదో చూపించారు. 1687 తరువాత గోల్కొండ వజ్రాల వ్యాపారం ఎవరి చేతుల్లోకి పోయిందో చెప్పారు. వాడు అడిగిన ప్రశ్నలకు నాకు తెలియని సమాధానాలు ఆయన దగ్గర ఉన్నాయి. వజ్రం దగ్గర అంతసేపు మాట్లాడలేదు. కొల్లూరు ఇప్పుడు నీళ్ల కింద ఉందని వాడికి చెప్పి, కాసేపు చూసి ముందుకు కదిలారు. అమ్మకు లిఫ్టు ఉంది, ప్రతి గదిలోనూ కాకపోయినా కూర్చునే చోట్లు ఉన్నాయి. మధ్యాహ్నం సిస్టీన్ మడొన్నా చూశాం. ఆ చిత్రం అడుగున గడ్డం కింద చేయి పెట్టుకున్న చిన్న దేవదూతలను చూసి అమ్మ చాలా ముచ్చటపడింది.

తెనాలితెమ్మెర

సంతోషం. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు వజ్రాన్ని చూశారా?

పల్నాటిబాట

చూశాను. మేనకోడలు చేయి లాగుతుండగా, రెండు మూడు నిమిషాలు. అనుకున్నదాని కంటే లేత రంగు, చుట్టూ ఉన్న తెల్లని వజ్రాల వల్లనే పచ్చదనం తెలుస్తుంది. మీరు చెప్పిన పద్ధతిలో చూడాలంటే ఒకనాడు మళ్లీ ఒంటరిగా రావాలి. కాకపోతే ముందు చూడకపోయినందుకు విచారం లేదు.

ఆఖరి ప్రశ్న ఒకటి. రేపు ప్రాగ్ రైలులో నది బాగా కనిపించాలంటే ఏ వైపు కూర్చోవాలి? అక్క సీట్లు ఇంకా ఎంచుకోలేదు.

ఎల్బాగట్టు

రైలు కదిలే దిక్కుకు ఎడమ వైపు కూర్చోండి. పిర్నా దాటిన తరువాత నది పక్కనే చాలాసేపు సాగుతుంది, బాస్టై శిలలు అవతలి ఒడ్డున కనిపిస్తాయి. కోనిగ్‌స్టైన్ కోట మాత్రం కుడి వైపు, చాలా ఎత్తున వస్తుంది కనుక ఆ ఊరు వచ్చేటప్పుడు పిల్లలను ఒకసారి అటు పంపండి. సీట్లు ఈ రాత్రే ఎంచుకోండి, మేలో ఆ రైళ్లు నిండుగా వెళతాయి.